స్ట్రాంగ్ కాఫీ అంటే అసలేంటి?

మా ఏరియాలో గింజలు కళ్లెదుటే వేయించి, మర పట్టి ఇచ్చే కాఫీ పొడి షాపు ఒకటుంది. ఒక ఆదివారం పొద్దున నా ముందు ముగ్గురున్నారు. ముగ్గురూ ఒకటే అడిగారు: "కొంచెం స్ట్రాంగ్‌గా ఉండేది ఇవ్వండి." షాపాయన ముగ్గురికీ మూడు రకాలుగా ఇచ్చాడు. మొదటావిడకు చికోరి (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఇరవై పాళ్ల నుంచి ముప్ఫైకి పెంచాడు. రెండో ఆయనకు అరబికా రకం గింజ తగ్గించి రోబస్టా రకం సగం కలిపాడు. మూడో కుర్రాడికి బాగా నల్లగా వేగిన గింజల డబ్బా దించాడు. ఎవరినీ మోసం చేయలేదు. వాళ్ల మాటతీరు, ఇంట్లో వాడే పాలు, ఎంతమందికి కాఫీ పెడతారు అనేవి ఒకటి రెండు ప్రశ్నల్లో కనుక్కుని, ఎవరి "స్ట్రాంగ్" ఏమిటో అంచనా వేశాడు, అంతే.

ప్యాకెట్లు కొనేవాళ్లకు ఆ సాయం ఉండదు. పైగా ఈ మధ్య కాఫీ గురించి వార్తలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. బ్రెజిల్‌లో, వియత్నాంలో వానలు ముఖం చాటేయడంతో గింజల ధర ఎగబాకింది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా ధర పౌండుకు 4 డాలర్లు దాటింది. ఇక్కడ అరకు కాఫీ పేరు పార్లమెంటు ఆవరణలోని స్టాల్ దాకా వెళ్లింది. 2024లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలను చాలామంది "టీ, కాఫీ మానేయమన్నారు" అని చదువుకున్నారు. మరోవైపు, చికోరి కలిపితే కల్తీ అని ఒకరు, కలపకపోతే అది ఫిల్టర్ కాఫీయే కాదని ఇంకొకరు. ఇంట్లో మంచి కాఫీ పెట్టుకోవాలనుకునే మనిషికి తల తిరిగిపోతుంది.

ఈ గందరగోళంలో చాలా భాగం "స్ట్రాంగ్" అనే ఒక్క మాట దగ్గర మొదలవుతుందని నా అభిప్రాయం. ఆ మాటను విడగొట్టి చూస్తే మిగతావి వాటంతట అవే విడిపోతాయి.

ఒక మాటలో నాలుగు సంగతులు

మొదటిది చిక్కదనం. గ్లాసులోని ద్రవంలో ఎంత పదార్థం కరిగి ఉందన్నది. ఆర్వో నీళ్ల వల్ల మనకు టీడీఎస్ అనే మాట ఇప్పుడు బాగా అలవాటైంది కదా, ఇదీ అదే కొలత. పేపర్ ఫిల్టర్‌లో దించిన బ్లాక్ కాఫీలో కరిగిన పదార్థం వందకు 1.3 పాళ్ల దగ్గర ఉంటుంది. యంత్రంలో ఒత్తిడితో తీసే ఎస్ప్రెస్సోలో 8 నుంచి 12 పాళ్లు. మన డికాక్షన్ ఈ రెండింటి మధ్య, ఎస్ప్రెస్సోకే కాస్త దగ్గరగా ఉంటుంది.

రెండోది చేదు. ఇది ఎక్కువగా గింజను ఎంత వేయించారన్న దాన్నిబట్టి, పొడిలోంచి ఎంత లాగారన్న దాన్నిబట్టి వస్తుంది.

మూడోది కెఫీన్. నిద్ర మత్తు వదిలించేది ఇదే. దీనికీ రంగుకీ సంబంధం లేదు, చిక్కదనానికీ నేరుగా సంబంధం లేదు.

నాలుగోది నోట్లో నిండుగా అనిపించడం. పాలు పోసినా డికాక్షన్ రుచి మునిగిపోకుండా పైకి తేలడం. మన ఇళ్లలో "స్ట్రాంగ్" అన్నప్పుడు ఎక్కువమంది అడిగేది నిజానికి ఇదే.

ఈ నాలుగూ కలిసి పెరగాలని లేదు. తారులాంటి నల్లటి డికాక్షన్‌లో కెఫీన్ తక్కువ ఉండవచ్చు. ఎర్రగా, పల్చగా కనిపించే బ్లాక్ కాఫీ మనిషిని అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టవచ్చు. అదెలాగో చూడాలంటే గింజ దగ్గరికి వెళ్లాలి.

అరబికా, రోబస్టా, ఆ తర్వాత వచ్చే పేర్లు

మనం తాగే కాఫీ దాదాపు అంతా రెండు జాతులది. అరబికా ఎత్తైన చోట, చల్లటి నీడలో పెరుగుతుంది. వాసన, పులుపు, తీపి ఛాయలు ఎక్కువ. కెఫీన్ గింజ బరువులో సుమారు 1.2 శాతం. రోబస్టా కాస్త కిందిప్రాంతాల్లోనూ పెరుగుతుంది, తెగుళ్లను తట్టుకుంటుంది. చేదు, మొరటు రుచి ఎక్కువ. కెఫీన్ 2.2 శాతం దగ్గర, అంటే దాదాపు రెట్టింపు. మన దేశంలో పండే కాఫీలో ఎక్కువ భాగం రోబస్టాయే. మొత్తం పంటలో సుమారు 70 శాతం ఒక్క కర్ణాటకదే.

అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో గిరిజన రైతులు వేసేది అరబికా. సముద్ర మట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించి పెంచుతారు. "అరకు వ్యాలీ అరబికా"కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు చెప్పేది గింజ ఎక్కడ పండిందో మాత్రమే. ఎంత వేయించారో, ఎప్పుడు మర పట్టారో అది చెప్పదు. అరకు గింజనే నెలల కిందట పొడి చేసి షెల్ఫులో పెడితే దాని గొప్పదనం చాలావరకు గాలిలో కలిసిపోతుంది.

షాపు బోర్డు మీద కనిపించే మిగతా పేర్లు ఇంకొంచెం తికమక. "ప్లాంటేషన్ ఏ" అంటే పండు తొక్క తీసి, జిగురు పోయేలా పులియబెట్టి, కడిగి ఎండబెట్టిన అరబికా, అందులో ఒక సైజు గింజ. తోట పేరు కాదు. "చెర్రీ" అంటే పండును పండుగానే ఎండబెట్టి తర్వాత పొట్టు కొట్టింది. కడిగిన కాఫీ రుచి శుభ్రంగా, కాస్త పుల్లగా ఉంటుంది. చెర్రీ బరువుగా, నిండుగా ఉంటుంది. "పీబెర్రీ" అంటే పండులో రెండు పలకల గింజలు రావాల్సిన చోట ఒకటే గుండ్రంగా రావడం. అన్ని వైపులా సమంగా వేగుతుందని దానికి గిరాకీ. "పార్చ్‌మెంట్" అనే మాటకైతే రెండు అర్థాలున్నాయి. ఏజెన్సీలో రైతు దగ్గర కొనేటప్పుడు "అరబికా పార్చ్‌మెంట్" అంటే కడిగి ఎండబెట్టి, పైనున్న పల్చటి పొరతోనే ఉన్న గింజ. వ్యాపారుల గ్రేడ్ల జాబితాలో "రోబస్టా పార్చ్‌మెంట్" అంటే కడిగిన పద్ధతిలో తయారైన రోబస్టా. పేపర్లో పార్చ్‌మెంట్ ధర చూసి షాపులో ధరతో పోల్చే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

వీటిలో ఏ పేరూ "ఇది స్ట్రాంగ్" అని చెప్పడం లేదని గమనించండి. జాతి, తయారీ పద్ధతి, సైజు, ఆకారం, అంతే.

వేయించడం: రంగు నల్లబడితే ఏమవుతుంది

పచ్చి కాఫీ గింజ లేత ఆకుపచ్చగా, ఎండు బఠాణీ లాంటి పచ్చి వాసనతో ఉంటుంది. మనకు తెలిసిన కాఫీ వాసన అందులో అస్సలు ఉండదు. వేడి ఎక్కేకొద్దీ ముందు పసుపు, తర్వాత గోధుమ రంగు. 196 డిగ్రీల దగ్గర గింజ లోపలి ఆవిరి ఒత్తిడికి పేలాలు వేయించినట్టు చిటపటమంటుంది. దీన్ని ఫస్ట్ క్రాక్ అంటారు. అక్కడి నుంచి తాగడానికి పనికొస్తుంది. ఇంకా వేయిస్తే 224 డిగ్రీల ప్రాంతంలో రెండో చిటపట, దాంతో పైకి నూనె తేలడం మొదలవుతుంది.

లైట్ రోస్ట్‌లో గింజ సొంత రుచి, పులుపు నిలుస్తాయి. మీడియంలో పులుపు తగ్గి, పాకం లాంటి తీపి వాసన వస్తుంది. డార్క్‌లో అన్నిటికంటే చేదే ముందుంటుంది. ఏ తోట గింజైనా దాదాపు ఒకేలా అనిపించేది అక్కడే. కెఫీన్ మాత్రం వేయించినంత మాత్రాన పెద్దగా పెరగదు, తగ్గదు. నల్లగా వేగిన గింజల డబ్బా తీసుకెళ్లిన ఆ కుర్రాడికి దక్కింది చేదు. పరీక్షల ముందు రాత్రుళ్లు మేలుకోవడానికే అయితే రోబస్టా కలిపించుకున్న పెద్దాయన పొడి అతనికి ఎక్కువ పనికొచ్చేది.

చికోరి లెక్క

చికోరి ఒక మొక్క వేరు. ముల్లంగి లాంటి ఆ దుంపను ముక్కలు కోసి, ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్, ఉత్తర్‌ప్రదేశ్‌లో పండిస్తారు. నెపోలియన్ 1806లో బ్రిటన్‌తో వ్యాపారాన్ని దిగ్బంధం చేసినప్పుడు యూరప్‌లో కాఫీ దొరక్క జనం దీని మీద పడ్డారు. అలవాటు అక్కడి నుంచి ఎదిగింది. చికోరిలో కెఫీన్ లేదు. కానీ నీళ్లలో విపరీతంగా కరుగుతుంది. వేయించిన కాఫీ గింజలో నీళ్లకు కరిగేది మొత్తం మీద 30 శాతం లోపే. చికోరిలో దానికి రెట్టింపు పైనే కరుగుతుంది. అసలు కిటుకు ఇక్కడుంది.

ఒక లెక్క వేద్దాం. ముగ్గురికి డికాక్షన్ కోసం 20 గ్రాముల పొడి వేశామనుకుందాం. కాఫీలో 20 శాతం, చికోరిలో 65 శాతం దిగుతుందని అనుకుందాం. గింజ అంతా అరబికా.

80:20 మిశ్రమంలో కాఫీ 16 గ్రాములు, చికోరి 4 గ్రాములు. డికాక్షన్‌లోకి కాఫీ నుంచి 3.2 గ్రాములు, చికోరి నుంచి 2.6 గ్రాములు దిగుతాయి. మొత్తం 5.8. ప్యాకెట్ మీద చికోరి అయిదో వంతే. గ్లాసులో చూస్తే దాదాపు సగం.

60:40 అయితే కాఫీ 12, చికోరి 8. దిగేది కాఫీ నుంచి 2.4, చికోరి నుంచి 5.2. మొత్తం 7.6 గ్రాములు. డికాక్షన్ ముందుకంటే చిక్కగా, నల్లగా కనిపిస్తుంది. కానీ అందులో మూడింట రెండు వంతులు చికోరి.

ఇప్పుడు కెఫీన్ చూద్దాం. మొదటి దాంట్లో 16 గ్రాముల అరబికాలో ఉన్నది 192 మిల్లీగ్రాములు. అందులో 85 శాతం దిగిందనుకుంటే 163, ముగ్గురికి పంచితే తలా 54. రెండో దాంట్లో తలా 41. అంటే ఎక్కువ చిక్కగా ఉన్న గ్లాసులోనే కెఫీన్ తక్కువ. అదే 80:20లో గింజ అంతా రోబస్టా అయితే తలా 100 మిల్లీగ్రాములు. రంగులో ఈ తేడా ఏమీ తెలియదు.

ధర సంగతీ ఇక్కడే ఉంది. లెక్క కోసం వేయించిన గింజ కిలో 1,000 రూపాయలు, చికోరి 250 అనుకుంటే, 80:20 పొడికి సరుకు ఖర్చు 850, 60:40కి 700. గింజ ధర పెరిగినప్పుడు ప్యాకెట్ ధర పెద్దగా పెంచకుండా నెట్టుకురావడానికి సులువైన దారి ఈ పాళ్లు మార్చడమే. పాళ్లు మారితే చిక్కదనం పెరుగుతుంది కాబట్టి తాగేవాళ్లకు వెంటనే తేడా తెలియదు. అందుకే ధర చూసే ముందు పాళ్లు చూడాలి. చట్టప్రకారం కాఫీ-చికోరి మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. ఇన్‌స్టంట్ పొడుల్లోనూ 70:30 మిశ్రమాలు మామూలే. సీసా తిప్పి చూస్తే వెనకో పక్కనో ఉంటుంది.

అయితే అది కల్తీ అవుతుందా?

చెప్పి కలిపితే కాదు. చెప్పకుండా కలిపితే, చెప్పినదానికంటే ఎక్కువ కలిపితే కల్తీయే. చట్టం గీసిన గీత ఇదే. రుచి దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు పక్షాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది.

వద్దనేవాళ్ల మాట: గింజలో పూల వాసన, నిమ్మ పులుపు, బెల్లం తీపి లాంటి సున్నితమైన ఛాయలుంటాయి. చికోరి వేరుకున్న మాడిన చక్కెర రుచి వాటన్నిటినీ కప్పేస్తుంది. అరకు రైతు ఎర్రగా పండిన పండ్లనే ఏరి, ఒక్కో కొమ్మ దగ్గరికి మూడు నాలుగు సార్లు తిరిగి కోసి, కడిగి ఎండబెట్టిన శ్రమ అంతా ఆ వేరు కింద పడిపోతుంది.

కావాలనేవాళ్ల మాట: మనం తాగేది పాలకాఫీ. గ్లాసులో మూడు వంతులు పాలు పోశాక సున్నితమైన ఛాయలు ఎలాగూ నిలవవు. పాల కొవ్వును దాటుకుని నాలుకకు తగలాలంటే నిండుతనం కావాలి, అది చికోరి ఇస్తుంది. పొడి పొరలో నీటిని కాసేపు పట్టి ఉంచి డికాక్షన్ నిదానంగా దిగేలా కూడా చేస్తుంది.

నన్నడిగితే ఇది కాఫీ గురించిన తగాదా కంటే పాల గురించిన తగాదా. బ్లాక్‌గా తాగేవాళ్లు చికోరి కలిపితే నష్టపోతారు. గేదె పాలలో తాగేవాళ్లు పది నుంచి ఇరవై పాళ్ల వరకు కలిపితే లాభపడే అవకాశమే ఎక్కువ. ముప్ఫై దాటితే నా నోటికి కాఫీ కనిపించడం మానేస్తుంది. ఇది నా నోరు, ఇంకొకరి నోరు వేరుగా చెప్పవచ్చు.

ఫిల్టర్ లోపల జరిగేది

స్టీలు ఫిల్టర్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. పై గిన్నె అడుగున సన్నటి చిల్లులు. పొడి వేసి, గిన్నెను పక్క నుంచి రెండుసార్లు తట్టి చదును చేస్తాం. కాడ ఉన్న చిల్లుల బిళ్లను దాని మీద పెడతాం. నీళ్లు పోయగానే తాజా పొడైతే బిళ్ల అంచుల నుంచి సన్నటి బుడగలు లేస్తాయి. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అది. బుడగలు ఒక్కటీ రాకపోతే పొడి పాతబడిందని అర్థం. మూత పెట్టి చెవి దగ్గరికి తెచ్చుకుంటే మొదట టపటపమని, తర్వాత నిదానంగా చుక్కలు పడే శబ్దం వినిపిస్తుంది.

నీళ్లు పొడిలోంచి అన్నీ ఒకేసారి లాగవు. ముందు పులుపు, వాసన ఇచ్చేవి వస్తాయి, తర్వాత తీపి, చివరికి చేదు, వగరు. అమెరికాలోని ఎంఐటీలో 1950ల్లో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ దీని మీద పనిచేశాడు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం వరకు దిగినప్పుడు ఎక్కువమందికి నచ్చుతోందని తేల్చాడు. అంతకంటే తక్కువైతే పుల్లగా, ఉప్పగా, అసంపూర్తిగా ఉంటుంది. ఎక్కువైతే చేదు మిగులుతుంది. ఆ తర్వాత ఎన్నో విమర్శలు వచ్చినా కాఫీ ప్రపంచం ఇప్పటికీ ఆ అంకెల చుట్టూనే తిరుగుతోంది.

చిక్కదనం, లాగిన పాళ్లు రెండూ వేరని గమనిస్తే ఇంట్లో కాఫీ పాడయ్యే కారణాలు సగం తెలిసిపోతాయి. డికాక్షన్ పల్చగా ఉంటే పొడి పెంచాలి. చేదుగా ఉంటే పొడి తగ్గించడం వల్ల చేదు పోదు, ఇంకా పెరగవచ్చు కూడా. ఎందుకంటే తక్కువ పొడి మీద అన్నే నీళ్లు పోస్తే ఒక్కో రేణువు నుంచి ఎక్కువ లాగుతాయి. రెండో డికాక్షన్ చేదుగా, నీళ్లలా ఉండేది కూడా ఇందుకే. మంచిదంతా మొదటి దాంట్లోనే వెళ్లిపోయింది, మిగిలింది చివరి వరస.

డికాక్షన్ దిగకుండా మొండికేస్తే కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి: పొడి మరీ మెత్తగా పట్టించడం, బిళ్లను గట్టిగా అదమడం, చిల్లుల్లో పాత పొడి, నూనె గడ్డకట్టడం. ఖాళీ గిన్నెను వెలుతురుకు ఎత్తి చూస్తే మూడోది ఇట్టే తెలుస్తుంది.

నీళ్ల వేడి 92 నుంచి 96 డిగ్రీలు మంచిదని పుస్తకాల్లో ఉంటుంది. కానీ ఆ లెక్క వేడి నిలుపుకునే యంత్రాలకు సరిపోతుంది. చల్లగా ఉన్న స్టీలు ఫిల్టర్ పోసిన మరుక్షణమే వేడిని లాగేస్తుంది కాబట్టి మరుగుతున్న నీళ్లు పోసే మన అమ్మల పద్ధతిలో తప్పేమీ లేదు. పైగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగేది సముద్ర మట్టం దగ్గరే. హైదరాబాద్‌లో 98 దగ్గర, అరకులో 97 దగ్గర మరిగిపోతాయి.

ఎవరూ అనుమానించని నీళ్లు

ఇల్లు మారినప్పుడు నాకు ఈ పాఠం తగిలింది. అదే షాపు, అదే 80:20 పొడి, అదే ఫిల్టర్. కొత్త అపార్ట్‌మెంట్‌లో కాఫీ పల్చగా, ఒక రకం పులుపుతో వచ్చేది. మా అమ్మ చూడ్డానికొచ్చి ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. "పొడి మార్చాడమ్మా షాపువాడు" అంది. నేనూ నమ్మి రెండు బ్రాండ్లు మార్చాను, పొడి పెంచాను. ఏమీ మారలేదు. ఒక రోజు ఆర్వో సర్వీస్‌కి వచ్చిన కుర్రాడు మీటర్ ముంచితే టీడీఎస్ (నీళ్లకైతే లీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతారు) 28 చూపించింది. పాత ఇంట్లో మున్సిపల్ నీళ్లు కాచి వాడేవాళ్లం. అతనితోనే 120కి సెట్ చేయించాను. మర్నాడు పొద్దున పాత ఇంటి కాఫీ తిరిగొచ్చింది.

కారణం ఇది. గింజలోంచి రుచిని పట్టి లాగడంలో నీళ్లలోని మెగ్నీషియం, కాల్షియం సాయపడతాయి. ఆర్వో వాటిని కూడా తీసేస్తుంది. పులుపును కాస్త అణచి ఉంచే బైకార్బొనేట్ కూడా పోతుంది. దాంతో కాఫీ బోసిగా, పుల్లగా తయారవుతుంది. బోరు నీళ్లది దీనికి ఎదురు సమస్య. బైకార్బొనేట్ మరీ ఎక్కువై, పులుపు మొత్తం చచ్చి, సుద్ద కలిపినట్టు చప్పబడుతుంది. కాఫీ నిపుణుల సంఘాలు 150 టీడీఎస్ దగ్గర ఉండమంటాయి, 75 నుంచి 250 వరకు ఫర్వాలేదంటాయి. టీడీఎస్ అంకె ఏ లవణం ఎంతుందో విడదీసి చెప్పదు, కాబట్టి దీన్ని మొదటి అంచనాగానే తీసుకోవాలి. మన ఊళ్లలో కాఫీ ఊరు దాటితే మారిపోతుందనే మాటలో పాలకు దక్కినంత పేరు నీళ్లకు దక్కలేదని నాకనిపిస్తుంది.

పాల సంగతి క్లుప్తంగా. గేదె పాలలో కొవ్వు 6-7 శాతం, ఆవు పాలలో 4 దగ్గర. కొవ్వు నాలుకను కప్పి చేదును తగ్గిస్తుంది, పాల ప్రొటీన్లు వగరును పట్టేసుకుంటాయి. గేదె పాలకు చిక్కటి డికాక్షన్, కాస్త డార్క్ రోస్ట్ నిలబడతాయి. టోన్డ్ పాలలో అదే డికాక్షన్ చేదెక్కుతుంది.

పొడి ఎన్నాళ్లుంటుంది

గింజగా ఉన్నప్పుడు కొన్ని వారాలు బాగుంటుంది. మర పట్టాక గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి వాసన రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టాలా వద్దా అన్నది ఇంటింటి వాదన. ఫ్రిజ్ డబ్బాను రోజూ తీసి, తెరిచి, మళ్లీ పెడితే ప్రతిసారీ చల్లటి పొడి మీద తేమ పడుతుంది. కదపకుండా, గాలి చొరకుండా ఫ్రీజర్‌లో ఉంచిన ప్యాకెట్ మాత్రం బాగానే నిలుస్తుంది. వంద, రెండొందల గ్రాములు చొప్పున పట్టించుకునే ఇంట్లో ఈ వాదన అక్కర్లేదు.

ఇన్‌స్టంట్ సంగతి వేరు. అది పొడి చేసిన గింజ కాదు. ఫ్యాక్టరీలోనే డికాక్షన్ తీసి ఎండబెట్టినది, అందుకే పూర్తిగా కరిగిపోతుంది. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారైన ఇన్‌స్టంట్ కాఫీ ఎన్నో దేశాలకు వెళుతోంది. వాసనలో ఫిల్టర్‌కు సాటి రాకపోయినా పొద్దున్నే హడావిడిగా బయలుదేరేవాళ్లకు అది చేసే మేలు తక్కువేమీ కాదు.

మానేయమన్నారా?

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కాఫీ మానేయమనలేదు. రెండు విషయాలు చెప్పాయి. ఒకటి, రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోమన్నాయి. 150 మిల్లీలీటర్ల కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని చెప్పాయి. పైన వేసిన లెక్క గుర్తుంటే ఇది పొడిని బట్టి ఎంత మారుతుందో అర్థమవుతుంది. పూర్తి రోబస్టా 80:20 పొడితో మూడు గ్లాసులకే 300 అయిపోతుంది. అదే పాళ్లలో అరబికా అయితే అయిదు గ్లాసులు తాగినా ఇంకా లోపే. "రోజుకు రెండు కప్పులు మంచిదా, నాలుగా" అన్న ప్రశ్నకు జవాబు దొరకనిది ఇందుకే. ఏ పొడి, ఎంత పొడి అన్నది చెప్పకుండా కప్పుల లెక్కకు అర్థం లేదు. గర్భిణులకు యూరప్ ఆహార భద్రతా సంస్థ 200 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. రక్తపోటు, నిద్రలేమి, గుండె దడ ఉన్నవాళ్ల హద్దు వాళ్ల డాక్టరే చెప్పాలి.

రెండోది వేళ గురించి. కాఫీ, టీలలోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. అందుకని భోజనానికి గంట ముందు, గంట తర్వాత వద్దన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మన ఇనుము ఎక్కువగా ఆకుకూరలు, పప్పుల నుంచే వస్తుంది, టానిన్లకు తేలిగ్గా చిక్కేది ఆ రకం ఇనుమే. కాబట్టి ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అలాగని పొద్దున లేవగానే తాగే గ్లాసుతో దీనికి పేచీ లేదు. ఆరున్నరకు కాఫీ తాగి ఎనిమిదింటికి ఇడ్లీ తినే మనిషికి మధ్యలో గంటన్నర ఉంది. జాగ్రత్త పడాల్సింది ఇడ్లీ పళ్లెం పక్కనే పెట్టుకునే కాఫీతోనూ, తోటకూర పప్పుతో అన్నం తిని చెయ్యి కడుక్కోగానే తాగే కాఫీతోనూ.